మంత్రిగారు ఎక్కని పడవ

అనగనగా, ఏర్ల మీద ఇంకా వంతెనలు లేని రోజుల్లో, ఉరుమేరు ఒడ్డున ఒక రాజ్యం ఉండేది. ఆ ఏటిలో నీళ్లు రాళ్ల మీద విరుచుకుపడే చోట్లు మూడు. మొదటిదాన్ని కుండ అనేవారు, రెండోదాన్ని రంపం, మూడోదాన్ని గొంతు.

దిగువనున్న జాతరకు ఏటి మీదుగానే వెళ్లాలని రాజు కీర్తికేతుడు ముచ్చటపడ్డాడు. మంత్రి దండపాణి పట్టుబట్ట మీద పథకం గీశాడు. దశమినాడు సూర్యోదయానికి పడవ కదలాలి. ముహూర్తానికి కదిలిన రాజుగారి పడవ దారిలో ఎక్కడా ఆగరాదు.

పడవ నడపవలసినవాడు నూకయ్య. అతని కూతురు చిలకమ్మకు పదహారేళ్లు. పథకం వినగానే ఆ పిల్లకు ఒళ్లు మండిపోయింది. పడవవాళ్లు ఆ మూడు చోట్లకూ ముందే పడవ కట్టేసి, ఒడ్డంట నడిచి, ఎండు దుంగ వేసి నీటి దారి చూసుకుంటారు. చూడకుండా దిగినవాళ్లెవరూ తిరిగి రాలేదు.

"ఆగకుండా పొమ్మంటారా? ఏరేమైనా వాళ్ల కోటలో పరిచిన తివాచీనా?"

"మన మాట ఎవరు వింటారే?" అన్నాడు నూకయ్య.

"వినకపోతే పోయేది నీ ప్రాణం, అయ్యా!" అని విసవిసా కోటకు నడిచింది.

మొదటి రోజు కావలివాడు గుమ్మంలోనే ఆపాడు.

"మంత్రిగారితో చెప్పు. ఎగువన వాన వెలవలేదు. ఏరు ఎనిమిది మూరల లోతుంది, ఇంకా ఎక్కుతోంది. ఐదు దాటితే పడవ దింపకూడదు."

వాడు లోపలికి వెళ్లి నవ్వుతూ వచ్చాడు. "ముహూర్తం ఏటి కోసం ఆగదట!"

రెండో రోజు దండపాణే ఎదురుపడ్డాడు. చిలకమ్మ గబగబా లెక్క చెప్పింది. "పడవ మోసేది నలభై మణుగులు. ఆరుగురు మనుషులు ముప్పై, సింహాసనం పన్నెండు, భేరీ, నగల పెట్టె కలిపి పది. మొత్తం యాభై రెండు. పన్నెండు ఎక్కువ!"

"ఏయ్ పిల్లా, తెడ్డు పట్టే చేతులకు లెక్కలెందుకు? సింహాసనం లేకపోతే ఆయన్ని రాజని ఎవరనుకుంటారు?"

"మునిగితే ఏమనుకుంటారు?"

భటులు ఆమెను బయటికి గెంటారు.

మూడో రోజు భటుల చేతుల కింద నుంచి దూరి, నిండు సభలో నిలబడింది.

"మహారాజా! ఆ పడవలో మీరు, రాణిగారు, చిన్నబాబుగారు, ఇద్దరు భటులు, మా అయ్య. ఆరుగురే. ఎన్నిసార్లు లెక్కేసినా ఆరుగురే. పథకం గీసిన మంత్రిగారు అందులో లేరేం?"

సభంతా దండపాణి వైపు తిరిగింది.

"నేను... ఒడ్డు దారిన... మేనాలో..." అని నసిగాడు దండపాణి.

రాజు కళ్లు ఎర్రబడ్డాయి. "అలాగా? అయితే రేపు ముందు మీరే వెళ్లిరండి. అదే పడవ, అదే బరువు, అదే ముహూర్తం."

దశమి సూర్యుడు పొడిచాడు. రేవు పక్కనున్న గుట్ట మీంచి ఏరంతా కనబడుతుంది. రాజు, చిన్నబాబు పక్కనుండగా దండపాణి అక్కడ నిలబడి మొదటిసారి ఏటిని చూశాడు. చిలకమ్మ రేవులోంచి ఎండు దుంగ విసిరింది. కుండలో అది గిర్రున మూడు చుట్లు తిరిగింది. రంపంలో దాని బెరడంతా లేచిపోయింది. గొంతులో మునిగింది. ఎంతసేపు చూసినా పైకి తేలలేదు.

దండపాణి గబుక్కున వెనక్కి జరిగాడు. "నేనెక్కను! ఏరు ఇలా ఉంటుందని నాకెవరూ చెప్పలేదే!"

"మీ గుమ్మం ముందు గొంతు చించుకున్నాను!" గుట్టెక్కి వచ్చిన చిలకమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో. "మీరు ఎక్కలేని పడవను మా అయ్య ఎలా నడుపుతాడనుకున్నారు? ఆయనది ప్రాణం కాదా?"

రాజు తన కొడుకును దగ్గరికి తీసుకున్నాడు. తరువాత పట్టుబట్టను నిలువునా చింపి, కొత్త పథకం చెప్పమని చిలకమ్మను అడిగాడు.

వాన వెలిసి, ఏరు ఐదు మూరలకు దిగాక పడవ కదిలింది. సింహాసనం లేదు, భేరీ లేదు. మూడు చోట్లా ఆగింది. మూడు చోట్లా రాజు కొడుకును భుజాన వేసుకుని, నీటి దారి చూసే నూకయ్య వెనకే ఒడ్డంట నడిచాడు. జాతర చేరేసరికి ఆయన కాళ్లకు బురద తప్ప మరేమీ అంటలేదు.

పిల్లలూ, తాను ఎక్కడానికి భయపడే పడవలోకి ఇతరులను ఎక్కమనే హక్కు ఎవరికీ లేదు.