ఎదుటి కొండ మీది కణుజు

అనగనగా ఒక అడివిలో, రెండు కొండల నడుమ ఒక చిన్న గూడెం. ఆ గూడెంలో ఈదన్న అని ఒక వేటగాడు, పోతమ్మ అని అతని పెళ్ళాం ఉండేవాళ్ళు. కాళ్ళు ముడుచుకో తల్లీ, దుప్పటి జారిపోతోంది.

ఈదన్న సంతకెళ్ళి, మూడు కుండల తేనె ఇచ్చి ఒక తుపాకీ తెచ్చుకున్నాడు. విల్లయితే జంతువు దగ్గరికి పాక్కుంటూ వెళ్ళాలి. తుపాకీకి ఆ బాధ లేదు. ఈ గట్టు మీద కూచుని ఆ గట్టు మీదున్నదాన్ని కొట్టొచ్చు.

మొదట ఏటి అవతలున్న అడవిపందిని కొట్టాడు. అది అక్కడే పడింది. ఆ తర్వాత ఇంకా దూరాన ఒక దుప్పిని కొట్టాడు. అదీ పడింది. గూడెమంతా కూర వండుకుని, ఈదన్నంత గురి ఎవరికీ లేదన్నారు. ఈదన్నకీ అలాగే అనిపించింది.

అప్పుడు మూడోసారి, ఎదుటి కొండ మీద ఒక కణుజు కనిపించింది. కణుజంటే పెద్ద జింక. కానీ ఇవతల కొండ మీంచి చూస్తే చీమంతే ఉంది.

పక్కనున్న బావమరిది గురవయ్య, "అంత దూరం వద్దులే బావా" అన్నాడు.

ఈదన్న వినలేదు, కొట్టాడు. కణుజు తూలి పడింది. మళ్ళీ లేచి చెట్లలోకి వెళ్ళిపోయింది. చీకటి పడుతోందని వీళ్ళు ఇంటికొచ్చేశారు.

"తగిలిందా?" అని అడిగింది పోతమ్మ.

"తగిలినట్టే ఉంది."

"ఎక్కడ?"

"అంత దూరంలో ఏం కనబడుతుంది?"

పోతమ్మ, "కనబడనప్పుడు ఎందుకు కొట్టావు మరి?" అంది.

ఈదన్న తెల్లారగానే వెతకడానికి బయల్దేరాడు. మొదటిరోజు ఆకుల మీద నెత్తురు చుక్కలు కనిపించాయి. రెండోరోజు గడ్డి నలిగిన చోటు కనిపించింది, అక్కడ పడుకుని లేచిందన్నమాట. మూడోరోజు ఒక మడుగు ఒడ్డున కణుజే కనిపించింది. గుండు దవడకి తగిలింది. మేత మేయలేదు, నీళ్ళు తాగలేదు. మూతి నీళ్ళలో పెట్టి ఊరికే నిలబడి ఉంది.

ఈదన్న దగ్గరికి నడిచాడు. అది పారిపోలేదు. దాని రెప్పల మీద ఈగలు వాలుతున్నాయి. అప్పుడు ఒక్క దెబ్బతో దాని బాధ తీర్చేశాడు.

మాంసం చీము పట్టి ఎవరికీ పనికిరాకుండా పోయింది. వట్టి చేతులతో ఇంటికొచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. పోతమ్మ గంజి పోసింది.

ఆ తర్వాత ఈదన్న వేట మానలేదు. మానితే తినేదేముంది? కానీ దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలిసేంత దగ్గరికి వెళ్తేనే కొట్టేవాడు. వెళ్ళేలోపు సగం జంతువులు పారిపోయేవి. గూడెం వాళ్ళు గొణిగారు. ఆ ఇంట్లో కూర కంటే అడివిలో తవ్వుకొచ్చిన గడ్డలే ఎక్కువ ఉడికేవి. ఆకలేసిందా అంటే, వేసింది తల్లీ.

ఒకరోజు పోతమ్మ గడ్డలు వలుస్తూ, "ఇవాళ ఏమీ దొరకలేదా?" అంది.

"ఒక దుప్పి కనబడింది. నేను దగ్గరికి వెళ్ళేసరికి వెళ్ళిపోయింది."

"దెబ్బ తగలకుండానే?"

"తగలకుండానే."

"అయితే చేతులు కడుక్కో, తిందాం" అంది.

కథేమో కంచి దారి పట్టింది, మన కంటికేమో నిద్ర పట్టింది.