ఉత్తచెట్టుకు మొరగని కుక్కలు

రండి పిల్లలూ, దగ్గరికి రండి. ఆ గడప మీద కూర్చున్నవాళ్ళు లోపలికి జరగండి, అక్కడ గాలికి మాట వినపడదు. పెద్దవాళ్ళకు గోడ పక్కన కాస్త చోటివ్వండి. సర్దుకున్నారా? అయితే వినండి.

అనగా అనగా, మన ముత్తాతల ముత్తాతలు కూడా ఎరగని కాలంలో, మబ్బుకొండ అని ఒక కొండ. ఆ కొండ కింద ఒక చిన్న రాజ్యం. దానికి చంద్రసేనుడు రాజు.

ఆ రాజ్యంలో ఎటు చూసినా పనసతోటలే. ప్రతి పెరట్లోనూ కోళ్ళే. అందుకని మానుపిల్లుల బెడద కూడా ఎక్కువే. మానుపిల్లి అంటే మన వంటింట్లో తిరిగే పిల్లి కాదు. అది చెట్ల మీద ఉంటుంది. తోక బారెడు. పొద్దు పోయాక దిగి వస్తుంది, పండిన పండును తొలిచేస్తుంది, కోడిపిల్లను నోట కరుచుకుంటుంది. తెల్లవారేసరికి ఏ కొమ్మల్లోనో ముడుచుకుని నిద్రపోతుంది. మనిషి కంటికి ఆనదు.

దాన్ని కనిపెట్టడానికే అక్కడ ఒక వేటకుక్కల జాతి ఉండేది. వేలాడే చెవులు, నేలకు ఆనించిన ముక్కు. కుక్క వాసన పట్టుకుని అడవిలోకి పోయేది. మానుపిల్లి ఏ చెట్టు మీద ఉందో ఆ చెట్టు కింద నిలబడి, తల పైకెత్తి గొంతు విప్పేది. దాన్ని అక్కడివాళ్ళు మొరుగు అనేవారు కాదు, పిలుపు అనేవారు. పిలుపు వినగానే మనుషులు వలలు పట్టుకుని పోయేవారు, పిల్లిని పట్టి ఏటి అవతల అడవిలో వదిలేసి వచ్చేవారు.

ఆ రాజ్యంలో నూకాలు అని ఒకామె. తాతల నాటి నుంచి కుక్కల్ని సాకిన ఇల్లు ఆమెది. చిన్నతనంలో ఆమె కోడికూతకు కాదు, మబ్బుకొండ మీంచి దిగివచ్చే ఆ పిలుపుకే నిద్ర లేచేది. తండ్రి పంచె ఎగ్గట్టి, "అదుగో, మనల్నే" అంటూ వల భుజాన వేసుకుని పోయేవాడు. ఆ పిలుపు ఎంత దూరం నుంచి వచ్చినా, పక్కింటి నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుండేది.

ఇప్పుడు ఆ పిలుపు లేదు. ఎన్నో ఏళ్ళయింది కొండ మూగబోయి. అయినా నూకాలు రోజూ తెల్లవారుజామున లేచి, పెరట్లో నిలబడి, చీపురు చేత్తో పట్టుకునే ఉండి, కాసేపు ఊడవడం మరిచిపోయి కొండవైపు చెవి ఒగ్గేది. తరువాత ఊడ్చుకునేది.

పిలుపు ఎందుకు పోయిందంటారా? చెబుతాను.

ఏటా కుక్కలకు పోటీ పెట్టడం ఆ రాజ్యంలో ఆచారం. గెలిచిన కుక్క పిల్లల్నే ఊరూరా పంచేవారు. ఓడిన కుక్క పిల్లల్ని ఎవరూ పెంచేవారు కాదు. పూర్వం ఆ పోటీ అడవిలోనే జరిగేది. చంద్రసేనుడి తండ్రికి మోకాళ్ళ నొప్పులు. "అడవంతా ఎక్కడ తిరుగుతాం? కోట ముందే పెట్టండి" అన్నాడాయన. సరే అన్నారు. మైదానంలో ఒకటే చెట్టు. దాని కొమ్మకు గంప కట్టి, గంపలో మానుపిల్లిని పెట్టారు. ఏ కుక్క ముందుగా పరిగెత్తి చెట్టు కింద మొరిగితే దానికి దండ.

పొరపాటు అక్కడ జరిగింది. కుక్కకు ముక్కుతో పని లేకుండా పోయింది. కాళ్ళుంటే చాలు, నోరుంటే చాలు. గెలిచిన కుక్క పిల్లలకూ అదే గుణం వచ్చింది, వాటి పిల్లలకూ అదే. కొన్నాళ్ళకు రాజ్యంలో ఏ కుక్కను అడవిలో వదిలినా, కనిపించిన మొదటి చెట్టు కిందికి పోయి గోల పెట్టేది. జనం వలలు పట్టుకుని పరిగెత్తారు. చెట్టు మీద ఆకులు. మళ్ళీ పరిగెత్తారు. మళ్ళీ ఆకులే. ఆ తరువాత కుక్క మొరిగితే ముసుగు తన్ని పడుకోవడం మొదలుపెట్టారు. చివరికి కుక్కల్ని అడవికి పంపడమే మానేశారు. కోళ్ళు పోయాయి, పనసపండ్లు పోయాయి.

పాత జాతిలో మిగిలింది ఒక్కటే. నూకాలు పెంచే ఆడకుక్క, పేరు తుమ్మెద. దాని మెడలో ఏనాడూ దండ పడలేదు గనక దాని పిల్లల్ని ఎవరూ తీసుకోలేదు. అది ముసలిదవుతోంది. అది పోతే ఆ జాతి పోయినట్టే, ఆ పిలుపు ఇక కలలో వినాల్సిందే.

నూకాలు ఉండబట్టలేక కొలువుకు వెళ్ళింది.

"దొరా, పోటీ కష్టం చెయ్యండి. మళ్ళీ అడవిలో పెట్టండి" అంది.

ఏటా దండ గెలిచే మెరుపు అనే మగకుక్క యజమాని దాలినాయుడు అక్కడే ఉన్నాడు. మీసం దువ్వుకుంటూ నవ్వాడు. "సులువు పోటీయే గెలవలేదు నీ కుక్క. కష్టం పోటీ గెలుస్తుందా నూకాలూ? ఈత రానివాడు నన్ను సముద్రంలో దింపండి అన్నట్టుంది."

కొలువంతా నవ్వింది.

"గెలవకపోతే గెలవకపోనీ నాయుడుబాబూ" అంది నూకాలు. "ఆ కొండ మీంచి ఒక్క నిజమైన పిలుపు వినాలని ఉంది. అది ఎవరి కుక్కదైతేనేం?"

రాజు నవ్వలేదు. ఆయనకూ చిన్ననాటి తెల్లవారుజాములు జ్ఞాపకమే. పోటీ అడవిలో పెట్టించాడు.

మొదటి ఏడాది కుక్కలన్నీ అడవిలోకి దూసుకుపోయాయి. మెరుపు మొదటి చెట్టు కిందే ఆగింది. వెనకగా నేల వాసన చూసుకుంటూ వస్తున్న తుమ్మెదను చూసి అంది కదా, "ఓ ముసలమ్మా, ఎందుకా కష్టం? ఏదో ఒక చెట్టుకు మొరిగెయ్. ఎవరొచ్చి చూస్తారు?"

"నేను పిలిస్తే మా ఇంటావిడ అన్నం వదిలేసి పరిగెత్తుకొస్తుంది" అంది తుమ్మెద. "ఉత్తచెట్టుకు ఆవిణ్ని ఎలా పిలవను?"

మెరుపు మొరిగింది. అడవి అంచున గొడుగుల కింద నిలబడ్డ పెద్దలు ఆ మొరుగు విని, "ఆహా, మళ్ళీ మెరుపే" అని దండ పట్టుకొచ్చారు. నూకాలు రాజు ముందుకు వచ్చి, "ఒక్కసారి ఆ చెట్టు దాకా నడుద్దామా దొరా?" అంది. నడిచారు. రాజు తల ఎత్తి చూశాడు. చెట్టు మీద పాత కాకిగూడు ఒకటి ఉంది. అంతే.

రాజు ముఖం చిన్నబోయింది. దండ వెనక్కి పంపేశాడు. "వచ్చే ఏడు ఉత్తచెట్టుకు మొరిగిన కుక్క అప్పటికప్పుడే ఇంటికి" అని చాటించాడు.

రెండో ఏడు పోటీ మొదలైందో లేదో ఒక్కొక్క కుక్కా మొరిగింది, ఒక్కొక్క కుక్కా ఇల్లు చేరింది. మెరుపు అందరికన్నా ముందు చేరింది. తుమ్మెద మాత్రం అడవిలోనే ఉంది. రాత్రంతా వాన కురిసింది, వాసన కొట్టుకుపోయింది. ముసలి ముక్కుతో అది కొండంతా వెతికింది. మర్నాడు ఎండ ఎక్కాక, కాళ్ళనిండా బురదతో, చప్పుడు చెయ్యకుండా తిరిగి వచ్చి నూకాలు పాదాల దగ్గర పడుకుంది.

పెద్దలు తమలో తాము మాట్లాడుకున్నారు. రాజు దండ చేతిలోకి తీసుకున్నాడు. "నూకాలూ, అబద్ధం చెప్పని కుక్క ఇదొక్కటే. దండ దీనికే. దీని పిల్లల్నే ఇక ఊరూరా పెంచుదాం."

ఆలోచించండి. ఆమె అన్నేళ్ళు కోరుకున్నది అదే. చెయ్యి చాపితే చాలు, జాతి నిలబడుతుంది. నూకాలు తుమ్మెద తల నిమిరింది.

"వద్దు దొరా" అంది చివరికి. "ఇది అబద్ధం చెప్పలేదు, నిజమే. కానీ పిల్లిని పట్టియ్యలేదు కదా. పట్టియ్యనిదానికి దండ వేస్తే, రేపు ఊరికే తిరిగొచ్చే కుక్కలు పుడతాయి. ఈ ఏడు దండ ఎవరికీ వద్దు. అలా ఉండనివ్వండి."

ఆ సాయంత్రం దాలినాయుడు ఆమె పెరటి దడి దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. మీసం దువ్వుకోలేదు.

"ఏం బాబూ, లోపలికి రండి."

"పర్లేదు. నూకాలూ, నా మెరుపుకు ఏం తక్కువ చేశాను? పాలు పోశాను, మాంసం పెట్టాను. అది అందరి ముందూ నన్ను అబద్ధాలకోరును చేసింది."

"దానిదేం తప్పు? దేనికి దండ వేశామో అదే నేర్చుకుంది. దాని కాళ్ళు చూశారా? ఆ కాళ్ళు నా తుమ్మెదకుంటే వాన పడకముందే కొండ దాటేది."

నాయుడు దడి పుల్లొకటి విరిచాడు, పారేశాడు. "నీ కుక్కకున్న మాట నా కుక్కకుంటే నేను ఇక్కడికి వచ్చేవాణ్ని కాను" అన్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అలా ఆ రెండు కుక్కలకూ జత కుదిరింది. అది తుమ్మెదకు ఆఖరి కానుపు. పిల్లల్లో ఒకటి తండ్రిలా పొడుగు కాళ్ళది, తల్లిలా నేల వాసన చూడకుండా అడుగు వెయ్యనిది. దానికి గువ్వ అని పేరు పెట్టారు. అది పరుగు నేర్చే వేళకు వానాకాలం వచ్చింది. ఆ వానల్లోనే తుమ్మెద కన్నుమూసింది. నూకాలు దాన్ని పెరట్లోనే, కొండవైపు తల పెట్టి పాతింది.

మూడో ఏడు పోటీకి ముందు రాజు అడిగాడు, "ఈసారి ఏం చేద్దాం?"

ఈ మాటు లేచింది దాలినాయుడు. "మంచు ఆరాక వదలండి దొరా. వాసన చల్లారాక. ఇంకొకటి, చెట్టు దొరికితే మనిషి వచ్చేదాకా కుక్క అక్కడే ఉండాలి. నడుమ వదిలేసి వస్తే లెక్కలోకి రాదు."

"అంత కష్టమైతే మీ గువ్వా ఓడిపోవచ్చు."

"ఓడనివ్వండి."

ఎండ ఎక్కాక కుక్కల్ని వదిలారు. ఈ రెండేళ్ళలో మిగతావాళ్ళు కూడా ఊరుకోలేదు. నోరుపెట్టే పిల్లల్ని పక్కనపెట్టి, ముక్కున్న పిల్లల్ని ఏరి పెంచారు. అందుకే ఆ రోజు అడవిలో గోల లేదు. కుక్కలు ఒకటొకటిగా తిరిగి వచ్చాయి, దొరకలేదని తలవంచుకుని. ఒక్కటీ ఉత్తచెట్టుకు మొరగలేదు. ఎవరూ వాటిని ఎగతాళి చెయ్యలేదు. యజమానులు నీళ్ళు పోసి వీపు తట్టారు.

గువ్వ రాలేదు. మధ్యాహ్నమైంది. జనం భోజనాలకు వెళ్ళారు. రాజు గొడుగు మడిపించి నీడన కూర్చున్నాడు. నూకాలు, దాలినాయుడు అడవి అంచున నిలబడే ఉన్నారు.

"తప్పిపోయిందేమో" అన్నాడు నాయుడు.

"ఉండండి బాబూ."

పొద్దు వాలింది. కొండ నీడ పొలాల మీదికి వచ్చింది. అప్పుడు, మబ్బుకొండ అవతలి వాలు నుంచి, సన్నగా మొదలై పొడుగ్గా సాగి, లోయ దాటి, తోటలు దాటి ఒక పిలుపు వచ్చింది. ఒకసారి. కాస్త ఆగి మళ్ళీ. ఊళ్ళో తింటున్నవాళ్ళు ముద్ద చేతిలోనే పట్టుకుని వాకిళ్ళలోకి వచ్చారు. ముసలివాళ్ళు ఎవరూ చెప్పకుండానే వలల కోసం అటకల మీద వెతికారు.

నూకాలు కదల్లేదు. ఆమె చెంపల మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"అదేనా?" అన్నాడు దాలినాయుడు మెల్లగా. "నువ్వు ఇన్నాళ్ళూ విందామనుకున్న గొంతు అదేనా?"

"కాదు బాబూ" అంది నూకాలు. "అది మా తుమ్మెద గొంతు కాదు. అది ఇక రాదు." కళ్ళు తుడుచుకుంది. "ఇది దానికన్నా దూరం వినిపిస్తోంది."

ఇద్దరూ ఆ పిలుపు వెంటే నడిచారు. వాళ్ళ వెనక రాజు, రాజు వెనక ఊరు. కొండ దాటి పోయి చూస్తే గువ్వ ఒక పెద్ద మద్దిచెట్టు కింద కూర్చుని ఉంది. గొంతు బొంగురుపోయింది, కాలి గోళ్ళు అరిగాయి, కానీ చెట్టు వదల్లేదు. పై కొమ్మలో రెండు కళ్ళు, బారెడు తోక. ఆ ఏడు దండ గువ్వ మెడలో పడింది. దాని పిల్లలూ, ఆ రోజు మౌనంగా తిరిగొచ్చిన కుక్కల పిల్లలూ ఊరూరా పెరిగాయి. ఆ తరువాత మబ్బుకొండ కింద కుక్క పిలిస్తే ముసుగు తన్నినవాడు లేడు.

అంతే కథ. లేవండి, పొద్దుపోయింది, మీ అమ్మలు అన్నాలు వడ్డించి చూస్తుంటారు. చేతులు కడుక్కుని, తింటూ ఈ ముక్క తలుచుకోండి: మెప్పు కోసం పోటీని సులువు చేసుకుంటే గెలిచినవాడు కూడా చెడతాడు, నిజం కోసం కష్టం చేసుకుంటే ఓడినవాడు కూడా బాగుపడతాడు.