పల్లాలమ్మ చీరలో ముడత

"గురువుగారూ, నలభై రెండు మడతలు పెట్టాను. అయినా ఈ చీర బట్టలా లేదేం?" అని అడిగాను.

అడిగింది సామాన్యుడు కాదని ముందే మనవి చేస్తున్నాను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. నేను మట్టితో చేసిన కండువా గాలికి ఎగిరి వస్తుందేమోనని పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేవారు. నా బొమ్మ కట్టిన పంచె చూసి ఇస్త్రీ అప్పన్న బొగ్గులు రాజేశాడు. ఇందులో అబద్ధం ఉంటే చెప్పడానికి పాపం అప్పన్న ఇప్పుడు లేడు.

గురువుగారు బ్రహ్మలింగాచారి గారు కోనసీమలో కాలవ పక్కన రేకుల షెడ్డులో విగ్రహాలు చేసేవారు. ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, "ముడత ఏదిరా సాంబూ?" అనేవారు. అంతే. ముందుపళ్ళు నాలుగూ పోయిన మనిషి కదా, మడత అనబోయి ముడత అంటున్నారని నేనే సర్దుకునేవాణ్ణి. పెద్దాయన మీద జాలిపడి ఇంకో మడత పెట్టేవాణ్ణి. అలాగే నలభై రెండయ్యాయి.

ఆ విగ్రహం మంత్రసాని పల్లాలమ్మది. మూడూళ్ళ జనం ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళే. నేనూ అక్కడే పడ్డాను. పడగానే ఆవిడ ముక్కు తీరు గుర్తుపెట్టుకున్నాను కాబట్టే మొహం అంత బాగా కుదిరింది. ఆవిడ పోయాక ఆ ఊళ్ళ ఆడవాళ్ళంతా కలిసి విగ్రహం పెట్టిద్దామనుకున్నారు. నేను సొంతంగా చేస్తున్న మొదటి నిలువెత్తు బొమ్మ అది.

"ఇవాళ పల్లాలమ్మ కూతురు గంగారత్నం చూడ్డానికొస్తోంది" అన్నారు గురువుగారు. "సరేనంటే కంచు పోత పోద్దాం. కాదంటే బొమ్మ నేను చేస్తాను, నువ్వు మళ్ళీ మట్టి తొక్కుదువుగాని."

గంగారత్నం వచ్చింది. బొమ్మ మీద కప్పిన తడిగుడ్డ తీశాను. చాలాసేపు చూసింది.

"మొహం అమ్మదే. చీర మటుకు కొట్లో బొమ్మకి కట్టినట్టుందయ్యా. మా అమ్మ ఇంత తీరుబడిగా ఎప్పుడు కట్టుకుందీ?"

ఏనుగు తొండంతో మోదినా చలించనివాణ్ణి, తీసిన గుడ్డ మళ్ళీ బొమ్మ మీద కప్పబోయాను. మట్టి తొక్కే గుంట కళ్ళముందు కనబడింది. గురువుగారు మాత్రం ఆవిడకు పీట వేయించి, నెమ్మదిగా అడిగారు.

"మీ అమ్మ చీర ఎక్కడ నలిగేదమ్మా?"

గంగారత్నం నవ్వింది. "ఎడంపక్క, నడుం దగ్గరండీ. నొప్పులు పడే మనిషి మంచం మీంచి చెయ్యి చాపితే అందేది అదే కదా. బిడ్డ బయటపడేదాకా వదిలేవాళ్ళు కాదు. ఉతికి ఆరేసినా ఆ ముడత పోయేది కాదు. నా ముగ్గురు పిల్లలప్పుడూ నేనూ అక్కడే పట్టుకున్నాను."

లేచి బొమ్మ దగ్గరకు వెళ్ళింది. "ఇదిగో, ఇలా" అంటూ నడుం పక్క పచ్చిమట్టిని పిడికిట్లో బిగించింది.

నెల రోజులు తీర్చిన మడతలు పదకొండు ఒక్క పట్టుకి చితికిపోయాయి. ఆపుదామని ముందుకు వెళ్ళి, ఆగిపోయాను. ఆవిడ చెయ్యి తియ్యలేదు. పిడికిలి అలాగే ఉంచి, నుదురు బొమ్మ భుజానికి ఆనించి నిలబడింది.

"అమ్మే" అంది కాసేపటికి. కొంగుతో మొహం తుడుచుకుని, "పోత పొయ్యండి" అని చెప్పి వెళ్ళిపోయింది.

నేను ఆ వేళ్ళ గుర్తులు చదును చేద్దామని పనిముట్టు తీశాను. గురువుగారు వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. పళ్ళు లేని ఆ నోట రెండు మాటలూ ఎంత విడివిడిగా, ఎంత శుభ్రంగా పలికాయో నాకు ఇప్పటికీ వినబడుతుంది.

"మడతలు నీవిరా సాంబూ. ముడత నీది కాదు. చెయ్యి తీసెయ్."