కట్ట వెనుక చూసినవాడు

అనగనగా ఒక ఊరు. ఎప్పటి ఊరని అడగకండి. చెప్పే నాకూ తెలియదు, నాకు చెప్పిన మా అమ్మమ్మకూ తెలియదు. ఆ ఊరికి ఒక చెరువు, పేరు రాయిచెరువు. ఆ చెరువుకు ఒక నీరడి, పేరు ఓదెలు. ఆ ఓదెలుకు ఒక పెండ్లాం, పేరు సత్తవ్వ. కథ ఓదెలుదే గానీ దాన్ని కడదాకా మోసింది మాత్రం సత్తవ్వ.

నీరడి అంటే చెరువును కనిపెట్టుకుని ఉండేవాడు. తూము తీయాలన్నా ఆయనే, మూయాలన్నా ఆయనే. ఎవరి మడికి ఎన్ని నీళ్లో పంచాలన్నా ఆయనే. ఇంత పని చేసే మనిషికి ఊళ్లో మర్యాద ఎంతంటే, పెండ్లి పందిట్లో చివరి విస్తరి.

చెరువు చూడబోయినవాళ్లు ఏం చేస్తారు? కట్ట ఎక్కుతారు, నీళ్లు చూస్తారు, అబ్బో అంటారు, దిగిపోతారు. ఓదెలు అలా కాదు. ముందు కట్ట వెనక్కి, పొలాల వైపు దిగేవాడు. కట్ట అడుగున ఊరే నీటిని దోసిట్లో పట్టి ఎండకు ఎత్తి చూసేవాడు. ఆ తర్వాతే కట్ట ఎక్కేవాడు.

"చెరువు అటుంటే నువ్వు ఇటు సూస్తవేందయ్యా?" అని సత్తవ్వ నవ్వేది.

"మొఖం అందరు సూస్తరే. నేను ఈపు సూస్తున్న," అనేవాడు ఓదెలు. "ఊట తేటగుంటే కట్టకు చెమట పట్టినట్టు. మడ్డిగుంటే కట్ట లోపట్నుంచి కరుగుతున్నట్టు."

ఒకసారి ఆ ఊరికి మూడేండ్లు వాన లేదు. చెరువు నెర్రెలు బారింది. ఎండిన కట్టలో పందికొక్కులు కాపురం పెట్టాయి. నాలుగో ఏడు వాన ఎంత కురిసిందంటే చెరువు నిండి, మిగిలిన నీళ్లు పొర్లిపోయే రాతి మత్తడి మీదుగా దుంకడం మొదలుపెట్టింది. ఊరు ఊరంతా గంతులేసింది. ఊరి పెద్ద పటేలు మూడూళ్ల చుట్టాలకు కబురు పంపాడు, మూడో నాడు మా మత్తడి చూడ రండని.

మొదటి నాడు ఓదెలు కట్ట వెనుక దోసిలి పట్టాడు. బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. పటేలు దగ్గరికి పోయాడు.

"పటేలా, కట్ట కరుగుతున్నది. తూము తీసి నీళ్లు సగానికి దించాలె."

"కొత్త నీళ్లు గట్లనే ఉంటయిరా ఓదిగా. పో, పో."

రెండో నాడు దోసిలి పట్టాడు. అంబలిలా ఉన్నాయి. ఊరి రైతుల దగ్గరికి పోయాడు.

"మూడేండ్లకు నిండిన చెరువును ఇడిసిపెట్టుమంటవా? నీకు తిక్క లేసిందా?" అన్నారు రైతులు. వాళ్లను తప్పుపట్టడానికీ లేదు. మూడేండ్లు ఆకులు ఉడకబెట్టుకుని తిన్నవాళ్లు.

మూడో నాడు తెల్లవారగానే దోసిలి పట్టాడు. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. పరుగెత్తి ఇంటికొచ్చాడు.

"సత్తీ, నీళ్లు ఎర్రగైనయ్. ఒక్కసారి నా ఎంట రా. నువ్వన్న సూడు. ఒక్కలు సూసినా సాలు."

"కూర పొయ్యి మీదున్నది. ఊరంత కాదంటుంటే నీదొక్కదే పట్టు! ఇగ ఇడిసిపెట్టు," అంది సత్తవ్వ, వెనక్కి తిరగకుండానే.

ఓదెలు గుమ్మం పక్కనున్న గొడ్డలి అందుకుని వెళ్లిపోయాడు.

అప్పటికే చుట్టాల బండ్లు దిగుతున్నాయి. కట్ట మీద పిల్లాజెల్లా, ముసలీముతకా కిక్కిరిసి ఉన్నారు. వాళ్లందరూ చూస్తుండగా ఓదెలు తూము దగ్గర మునిగాడు, బిరడా పెరికాడు, ఒడ్డుకు తెచ్చి గొడ్డలితో మూడు ముక్కలు చేశాడు. ఇక మూద్దామన్నా మూయలేరు. తూము గర్జించింది. పొద్దు వాలేసరికి మత్తడి ఆగిపోయింది. చుట్టాలు మొహమొహాలు చూసుకుని బండ్లెక్కారు.

"ఎవనికి జెప్పి తూము ఇప్పినవ్‌రా?" అని పటేలు మీదికొచ్చాడు.

"ఇనేటోళ్లుంటే జెప్పే ఇప్పుదును పటేలా."

ఓదెలు చేతిలోని నీరడి కర్రను పటేలు గుంజుకున్నాడు. ఆ పని ఇంకొకడికి ఇచ్చాడు.

కొత్త బిరడా చెక్కించి తూము మూసేసరికి మూడు రోజులు పట్టింది, చెరువు సగానికి దిగింది. ఊట తేటపడింది. కట్ట చెక్కుచెదరలేదు. అదే ఓదెలు కొంప ముంచింది. కట్ట తెగి ఉంటే ఊరు ఆయన మాట తలుచుకునేది. తెగలేదు కాబట్టి పిచ్చోడన్నది. సగం మడులు ఎండిపోయాయి. బావి దగ్గర ఆడవాళ్లు సత్తవ్వతో మాట్లాడటం మానేశారు.

ఒకనాడు సత్తవ్వ ఉండబట్టలేక అడిగింది. "నిజంగనే ఎర్రగుండెనా నీళ్లు?"

"పిలిచిన గదనే," అన్నాడు ఓదెలు. అంతే. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కర్ర లేకపోయినా రోజూ కట్ట వెనక్కి పోయి వచ్చేవాడు. చలికాలంలో జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయాడు. పాడె మోయడానికి నలుగురు దొరకడమే గగనమైంది.

ఎండాకాలం వచ్చింది. చెరువు ఎండింది. పొలాలకు పూడిక మట్టి తోలుకుందామని ఊరంతా చెరువులోకి దిగింది. పటేలు పాలేరు రాజలింగు కట్ట పక్కన గడ్డపార వేశాడు. గడ్డపార చేయి జారి లోపలికి పోయింది. తవ్వి చూస్తే బొరియ కాదు, మనిషి వంగి దూరేంత గుహ. పందికొక్కులు మొదలుపెట్టిన పనిని నీళ్లు పూర్తి చేశాయి.

పటేలు తానే వంగి లోపలికి పోయాడు. చివరిదాకా పోయి గడ్డపారతో పొడిస్తే బయటి వెలుగు కనబడింది. అటు వైపు పొలాలకూ ఇటు వైపు గుహకూ మధ్య మిగిలింది మూరెడు మట్టి. బయటికొచ్చి ఎండలో అలాగే కూలబడ్డాడు.

"ఆనాడు కట్ట మీద నా మనవలున్నరు," అన్నాడు.

ఊరంతా సత్తవ్వ గుడిసె ముందుకొచ్చింది. పటేలు నీరడి కర్రను ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు.

"తప్పయింది సత్తవ్వా. ఓదెలుకు కట్ట మీద గద్దె కడతం. ఏటా యాటపోతును కోస్తం."

సత్తవ్వకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఎక్కువ కోపం తన మీదే.

"గద్దె వద్దు పటేలా. గద్దె కడితే దండం పెట్టి పోతరు, ఎవ్వలు ఎనకకు సూడరు. మీరే కాదు, నేను గూడ సూడలే. కూర పొయ్యి మీదున్నదన్న. ఆ కూర ఏందో గూడ ఇప్పుడు యాదికి లేదు." కొంగుతో కండ్లు తుడుచుకుంది. "చెరువు సూడొచ్చినోళ్లు ముందుగాల కట్ట ఎనకకు పోవాలె. దోసిలి పట్టి సూడాలె. ఆయనకు అదే సాలు."

ఇప్పుడు ఆ చెరువు చూడటానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. మత్తడి దుంకే రోజుల్లో బండ్లు ఆపడానికి చోటుండదు. ఫోన్లు పట్టుకుని తిన్నగా కట్ట ఎక్కబోతే ఊరివాళ్లు అడ్డం నిలబడతారు. "ముందుగాల ఓదెలును సూసి రాపోండ్రి," అంటారు. వచ్చినవాళ్లు నవ్వుకుంటూనే వెనక్కి దిగుతారు, దోసిలి పడతారు, ఎండకు ఎత్తి చూస్తారు. కింద నుంచి ఎవరో ఒకరు "తేటనే ఉన్నయ్!" అని కేక వేస్తేనే పైకి దారి ఇస్తారు.

ఇంకొక అలవాటు కూడా ఉంది, అది బయటివాళ్లకు తెలియదు. ఆ ఊళ్లో ఎవరైనా "ఒక్కసారి వచ్చి సూడు" అని పిలిస్తే, పొయ్యి మీద ఏమున్నా సరే, దించి పెట్టి లేస్తారు.