బారసాల కాని శాసనం

ఒకప్పుడు కొండవంక అనే రాజ్యాన్ని ప్రతాపధవళుడనే రాజు ఏలుతుండేవాడు. మనసు చెడ్డది కాదు గానీ, తన మాటంటే తనకే మహా ముచ్చట. ఏదైనా తోచిందంటే చాలు, అది శాసనమైపోవలసిందే. పొద్దున తోచిన మాట మీద మధ్యాహ్నానికల్లా రాజముద్ర పడేది.

ఆ రాజ్యంలో ఏటి ఒడ్డున పెద్ద విద్యాపీఠం ఒకటి ఉండేది. ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వచ్చి, అక్కడే తిని, అక్కడే పడుకుని చదువుకునేవారు. చమత్కారిగా పేరుపడ్డ ఆస్థానోద్యోగి ఔబళయ్య కూడా చిన్నప్పుడు అక్కడ చదివినవాడే. తల్లీ తండ్రీ లేని అతణ్ణి విస్సన్న శాస్త్రిగారనే గురువు చేరదీసి, తన విస్తరి పక్కనే విస్తరి వేయించి పెంచారు. ఇప్పుడు శాస్త్రిగారు ముసలివారయ్యారు. చూపు పూర్తిగా పోయింది. అయినా ఆయన కావ్యపాఠం మొదలుపెడితే వసారా చాలక పిల్లలు మెట్ల మీద కూర్చునేవారు.

ఒకనాడు రాజు పీఠం చూడటానికి వచ్చాడు. ఆయన ఎదుట పాఠం చెప్పవలసి వచ్చిన ఒక కుర్ర ఉపాధ్యాయుడు, భయంతో రాజవంశావళి అప్పజెబుతూ రాజుగారి తాతగారిని మరిచిపోయి ముందుకు వెళ్ళిపోయాడు.

రాజు ముఖం కందగడ్డ అయింది. "మా తాతగారిని మింగేశాడే!" అనుకుంటూ కోటకు వెళ్ళి, లేఖకుణ్ణి పిలిచి అప్పటికప్పుడు రాయించాడు: "పీఠంలో ఎవరు పాఠం చెప్పినా గ్రంథం చేతపట్టుకుని, చూపు దాని మీదే నిలిపి చెప్పవలెను. అట్లు చెప్పలేని వారికి పీఠమున చోటు లేదు."

ముద్ర పడింది, భటులు దాన్ని పీఠంలో చాటడానికి బయలుదేరారు. సభలో ఔబళయ్య లేచాడు.

"ప్రభూ, ఈ సంగతి పీఠంలో ఎవరినైనా ఒక మాట అడిగారా?"

"అడగడమేమిటి? రాజును నేనా, వాళ్ళా?"

"తమరే ప్రభూ. కానీ పాఠం చెప్పేది వాళ్ళు కదా, అని..."

"చాలు. వేసిన ముద్ర వెనక్కి తీసుకున్నవాడు మా వంశంలో లేడు" అన్నాడు రాజు.

ఔబళయ్య మనసు పీఠంలోని వసారా చుట్టూ తిరుగుతోంది. సభ ముగియగానే అక్కడికి పరుగు పెట్టాడు.

శాస్త్రిగారు తడుముకుంటూ తన పంచెలు మూట కట్టుకుంటున్నారు.

"ఎక్కడికి గురువుగారూ?"

"ఔబళమా? రా నాయనా. ఎక్కడికని ఇంకా అనుకోలేదు. మా మేనల్లుడు ఉన్నాడు, రమ్మంటాడో లేదో. శాసనం విన్నావు కదా. గ్రంథం చేత్తో పట్టుకోగలను గానీ, చూపు ఎక్కడి నుంచి తెచ్చుకోను?"

"మీరు రాజుగారితో చెప్పవచ్చు కదా?"

"నా ఒక్కడి కోసం పీఠానికి మాట రాకూడదు" అని శాస్త్రిగారు నవ్వారు. చూడలేరు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే శిష్యుడి కళ్ళలో నీళ్ళు ఆయన కంటపడేవి.

"గురువుగారూ, రాజుగారు ఈ పీఠంలో ఒక పాఠం చెప్పేదాకా ఆగండి. ఆ తర్వాత మీ మూట నేనే మోస్తాను" అన్నాడు.

ప్రతాపధవళుడికి వీణ ప్రాణం. నిజంగానే బాగా వాయించేవాడు. వాయించడం మొదలుపెట్టాడంటే కళ్ళు మూతలు పడేవి. ఆ కాసేపు తాను రాజునన్న సంగతి కూడా మరిచిపోయేవాడు. ఔబళయ్యకు ఆ సంగతి తెలుసు.

"ప్రభూ, పీఠంలో సంగీతం నేర్చుకునే పిల్లలు తమరి వీణ వినాలని ఉవ్విళ్ళూరుతున్నారు. ఒక్క పాఠం చెప్పరాదా?" అని అడిగాడు.

రాజు ఉబ్బిపోయాడు. "పాపం, అంతగా అడుగుతుంటే కాదనడమెలా?"

ఆ రోజు పీఠంలోని సభామంటపం కిటకిటలాడిపోయింది. రాజు వీణ ఒడిలోకి తీసుకుని, తీగలు సవరించి, కళ్ళు మూసుకోబోయాడు. ఔబళయ్య గబగబా వెళ్ళి ఒక తాళపత్ర గ్రంథం ఆయన చేతికి అందించాడు.

"ఏమిటిది?"

"సంగీత గ్రంథం ప్రభూ. చేతపట్టుకుని, చూపు దీని మీద నిలపాలి."

"నాకు గ్రంథమెందుకోయ్?"

"తమరి శాసనంలో 'ఎవరు పాఠం చెప్పినా' అని ఉంది. నేను ఎంత వెతికినా, 'రాజు తప్ప' అన్న మాట కనిపించలేదు. ముద్ర మాత్రం స్పష్టంగా ఉంది."

అంతమంది ఎదుట తన శాసనాన్ని తానే కాదనడం ఎలా? రాజు గ్రంథం ఎడమచేత పట్టుకున్నాడు. వీణ మెట్ల మీద వేళ్ళు నడిపే చెయ్యి అదే. కుడిచేత్తో మీటాడు. వీణ దగ్గినట్టు ఒక చప్పుడు చేసింది. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"తమరికి శ్రమ ఎందుకు? నేను పట్టుకుంటాను" అని ఔబళయ్య గ్రంథాన్ని రాజు ముఖం ముందు విప్పి పట్టుకున్నాడు. రాజు ఆకు మీది అక్షరాలు చూస్తూ వాయించబోయాడు. వేళ్ళు తడబడ్డాయి. రాగం ఒక అడుగు వేసి కూలబడింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ కూలబడింది.

"తియ్యి దాన్ని!" అని గద్దించాడు రాజు. "రాగం ఆకుల మీద ఉంటుందా? లోపల ఉంటుంది! కళ్ళు మూసుకుంటే తప్ప నాకది కనిపించదు!"

ఔబళయ్య గ్రంథం పక్కన పెట్టి, చేతులు జోడించాడు. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు.

"ప్రభూ, సరిగ్గా ఇదే మాట చెప్పగలిగినవారు ఈ పీఠంలో ఇంకొకరు ఉన్నారు. ఆయన్ను అడిగినవారే లేరు."

అతను వెళ్ళి, స్తంభం పక్కన కూర్చున్న శాస్త్రిగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన కళ్ళు చూడగానే రాజుకు సంగతి అర్థమైంది. తల దించుకున్నాడు.

"నా శాసనం మిమ్మల్ని వెళ్ళగొట్టిందా పండితులవారూ?"

"అంత మాట వద్దు మహారాజా" అన్నారు శాస్త్రిగారు మెల్లగా. "పిల్లలకు తప్పు చెప్పకూడదనే కదా తమ తాపత్రయం. అది నా తాపత్రయం కూడా. మమ్మల్ని ఒక్కసారి కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే, అందరం కలిసి దాన్ని చక్కగా తీర్చుకునేవాళ్ళం."

నిష్ఠూరం ఒక్క ముక్కైనా లేని ఆ మాటకు రాజు మనసు కరిగిపోయింది. కానీ పరువు అడ్డొచ్చింది. ఔబళయ్యను దగ్గరకు పిలిచి గొణిగాడు: "ముద్ర వేసేశానే! ఎలా వెనక్కి తీసుకోను?"

"వెనక్కి ఎందుకు ప్రభూ? ఈ శాసనం ఇంకా పసిగుడ్డు. బారసాల కాకుండానే తమరు పట్టాభిషేకం చేసేశారు, అంతే. కిరీటం కాసేపు తీసి, నలుగురి చేతుల్లో పెరగనిద్దాం."

రాజు ఒక్క క్షణం అతని వంక చూసి పగలబడి నవ్వాడు. వీణ మీద చెయ్యి తగిలి అది కూడా ఝుమ్మంది. పిల్లలందరూ నవ్వారు.

"మరి పెంచేది ఎలాగో అదీ నువ్వే చెప్పు" అన్నాడు రాజు.

ఔబళయ్య చెప్పాడు. పీఠానికి కొత్త నియమం కావాలనుకున్నవారు, రాజైనా సరే, ముందు చిత్తుప్రతి రాయాలి. దాన్ని అందరూ వినేలా వాకిట్లో చదవాలి. ఆ నియమం కింద బతకవలసినవారు తమ కష్టసుఖాలు చెప్పుకోవాలి. పెద్దల సభ అవన్నీ తూచి, దిద్ది, ఒప్పుకున్నాకే రాజముద్ర. ఆ పైన ఏటేటా చదువులు మొదలయ్యేటప్పుడు ఒకసారి తిరగేసి, పనికిరానిదాన్ని సాగనంపాలి.

రాజు ఒప్పుకున్నాడు. మొట్టమొదట వాకిట్లో చదివింది ఆయన శాసనమే. తాతగారిని మరిచిన కుర్ర ఉపాధ్యాయుడు లేచి, "నాకు పాఠం రాక కాదు ప్రభూ, తమరిని చూసి భయపడ్డాను" అన్నాడు. రాజు అతణ్ణి పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చివరికి సభ తీర్చిన నియమం ఇది: పాఠం ముందుగా గ్రంథంతో సరిచూసుకోవాలి, ఎలా చెప్పాలన్నది గురువు ఇష్టం, తప్పు దొర్లితే మర్నాడు పిల్లల ముందే దిద్దుకోవాలి, అందుకు ఎవరూ నవ్వకూడదు. శాస్త్రిగారికి గ్రంథం చదివి వినిపించడానికి శిష్యులు నేను ముందంటే నేను ముందని పోటీపడ్డారు.

"ఔబళయ్యా, ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

"వారానికి ఒక పూట సభకు రాకుండా, శాస్త్రిగారి పాఠానికి వచ్చి కూర్చోనివ్వండి ప్రభూ."

రాజు మీసం దువ్వుకున్నాడు. "ఇది పీఠానికి కొత్త నియమమవుతుంది కదా? నేనెవర్ని ఇవ్వడానికి? వాకిట్లో చదివించు. ఎవరికైనా అభ్యంతరముందేమో!"

అందరూ గొల్లుమన్నారు. శాస్త్రిగారు చెయ్యెత్తారు.

"నాకు ఉంది మహారాజా. వీడు వెనక బంతిలో కూర్చుని పక్కవాళ్ళను నవ్విస్తాడు. నా పక్కనే కూర్చునేటట్లయితే ఒప్పుకుంటాను."

రాజు పొట్ట పట్టుకుని నవ్వుతూ తన మెడలోని ముత్యాలహారం తీసి ఔబళయ్య మెడలో వేశాడు. బదులుగా ఏం చమత్కారం విసురుతాడా అని అందరూ చెవులు రిక్కించారు. ఔబళయ్య వెళ్ళి గురువుగారి పక్కన, చిన్నప్పటిలాగే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.