బోణీకి ముందు వాపసు మాట

పరాంకుశం మాస్టారికి కూర్చుని జవాబు చెప్పే అలవాటు లేదు. ప్రశ్న వినగానే చెప్పుల కోసం వెతుక్కునేవారు. కాలేజీలో తర్కం చెప్పిన రోజుల్లోనూ అంతే. సగం పాఠాలు గోదావరి గట్టు మీదే జరిగేవి, పరీక్ష తప్పినవాళ్ళు గాలి హోరుకి ఏమీ వినబడలేదని నెపం పెట్టేవారు. సరే, అది వేరే కథ.

ఆనాటి శిష్యురాలు దయామణి ఒక సాయంత్రం వచ్చింది. ఆమెది లేసు వ్యాపారం. చుట్టుపక్కల ఆడవాళ్ళు అల్లిన టేబుల్ గుడ్డలు, తెరలు జర్మనీ వాళ్ళకి అమ్ముదామని వెబ్‌సైటు మొత్తం జర్మన్‌లోకి మార్పించింది. కొలతలు మార్చింది, రంగులు మార్చింది, వాళ్ళ భాషలో పెద్దక్షరాలతో స్వాగతం పెట్టింది. జనం వస్తున్నారు, చూస్తున్నారు, బుట్టలో వేసుకుంటున్నారు, తీరా డబ్బు కట్టేచోట వదిలేసి పోతున్నారు. ఈసారి కూడా ఆర్డర్లు రాకపోతే అల్లేవాళ్ళు రొయ్యలు ఒలిచే షెడ్లకి కూలికి పోతారు. ఐసులో నానిన వేళ్ళు మళ్ళీ లేసు సూది పట్టవు.

"ఏం తక్కువ చేశాను మాస్టారూ?"

"ఏమైనా తీసేశావా?"

"ఒక్క పేజీ. నచ్చకపోతే సరుకు ఎలా తిప్పి పంపాలో ముందే చెప్పాలట. అనువాదం చేసినమ్మాయి ఇప్పటికీ ఫోన్ చేసి పోరుతోంది. బోణీ అవకుండానే వాపసు మాటేమిటండీ, అపశకునం కాదూ!"

మాస్టారు చెప్పులేసుకున్నారు.

రేవులో జనాన్నీ బళ్ళనీ గోదావరి దాటించే పంటు కదలబోతోంది. మోటారుసైకిళ్ళూ, చేపల తట్టలూ, మనుషులూ కిక్కిరిసి ఉన్నారు. ఎవరో పొరుగూరాయన భార్యనీ తల్లినీ వెంటబెట్టుకుని గట్టునే నిలబడ్డాడు.

"తిరిగొచ్చే ఆఖరి పంటు ఎప్పుడండీ?"

టిక్కెట్ల వీర్రాజు కసిరాడు. "ఆయ్, ముందెక్కండి బాబూ! కాలెట్టకుండానే తిరుగు ప్రయాణమేంటండీ, అశుభం!"

ఆయన ఎక్కలేదు. పంటు వెళ్ళిపోయింది.

"చాదస్తపు మనిషి," అంది దయామణి.

మాస్టారు దగ్గరికెళ్ళి ఆయనతో ఏదో అన్నారు. తర్వాతి పంటుకి ముగ్గురూ నవ్వుకుంటూ ఎక్కారు.

"ఏం చెప్పారండీ?"

"అడిగిందే. దీపాలు పెట్టేవేళ ఆఖరిదని."

దయామణికి ఏమీ బోధపడలేదు. తన జర్మనీ ఏమిటి, ఈ పంటేమిటి? మాస్టారు వేరుశనక్కాయలు కొని, ఒలుచుకుంటూ, పాతరోజుల్లో ఇదే రేవులో మునిగిన ఒక గొడుగు గురించి చెప్పుకుపోయారు.

దీపాలు వెలిగాక ఆఖరి పంటు వచ్చింది. తట్టలు దిగాయి, బళ్ళు దిగాయి, అందరూ దిగారు. ఆ ముగ్గురూ లేరు. దయామణి కంగారుగా వీర్రాజుని ఆపింది.

"ఆళ్ళాండీ? అవతలొడ్డున గుడి దగ్గర గది తీసుకున్నారండి. రేపొస్తారంట."

అంతలో ఆమె చేతిలో ఫోను మోగింది. అనువాదం చేసినమ్మాయి. దయామణి ఫోను వంక చూసింది, ఖాళీ పంటు వంక చూసింది.

"అంత పట్టుబట్టి అడిగినాయన తిరిగి రాలేదేం మాస్టారూ?"

మాస్టారు ఒళ్ళో తొక్కలు దులుపుకుని లేచారు.

"రావడానికే అడిగాడని నీకెవరు చెప్పారమ్మా?"