మరలుదెబ్బ

రేచనకు గెలిచే ఉపాయం దొరికింది కానీ, దాన్ని మోగించే చెయ్యి దొరకలేదు. ఆ చెయ్యి వాగుకు ఎగువన, గుట్ట పక్క పాకలో, తోళ్ళు నానబెట్టుకుంటూ కూర్చుంది.

పొద్దున లేచింది మొదలు అతను కాలుగాలిన పిల్లిలా డేరా చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. అన్నం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని లేచాడు. గుర్రానికి జీను వేయించాడు, తీయించాడు, మళ్ళీ వేయించాడు. అతని కింద దళపతిగా ఉన్న బొల్లన చూసి చూసి విసిగిపోయాడు.

"వెళ్ళేదుంటే వెళ్ళండి దొరా. మీరిట్లా తిరుగుతుంటే బంట్లకు గుండెదడ పుడుతోంది."

పాతరాజు పోయి రెండు వానాకాలాలు గడిచాయి. పెద్దరాణి కొడుకు, చిన్నరాణి కొడుకు గద్దె నాదంటే నాదన్నారు. నిన్నటిదాకా ఒక్కటిగా ఉన్న సేన నిలువునా చీలింది. ఒకే కంచంలో తిన్నవాళ్ళు పాలవాగుకు అటొకరు ఇటొకరు డేరాలు వేసుకుని, పగలంతా పొడుచుకుని, సాయంత్రం శవాలు మోసుకుంటున్నారు. పెద్దరాణి కొడుకు సేనకు రేచన నాయకుడు. చిన్నరాణి కొడుకు సేనకు గుండయ. ఇద్దరూ మైలన ఒజ్జ శిష్యులే. ఆ సీమలో గురువును ఒజ్జ అనే పిలుస్తారు.

ఒజ్జ నేర్పేది భేరి. కత్తి తిప్పడం ఎవరైనా నేర్పుతారు. వేలమందిని ఒక్క మనిషిలా కదిలించాలంటే భేరి కావాలి. ఉరుకుదెబ్బ మోగితే ముందుకు, మరలుదెబ్బ మోగితే వెనక్కి. ఈ మరలుదెబ్బకు ఒక కట్టు ఉంది. అది ఏ పక్షం భేరి మీద మోగినా రెండు పక్షాలూ ఈటెల మొనలు దించాల్సిందే. తిరిగిన వీపు మీద వేటు వెయ్యకూడదు. ఇంత పాడు యుద్ధంలోనూ ఆ కట్టు ఇంకా తెగలేదు. పొద్దు వాలేవేళ అది మోగితే పోరు ఆగేది. గాయపడినవాళ్ళను ఎవరి మనుషులు వాళ్ళు ఎత్తుకుపోయేవారు.

రేచన ఉపాయమంతా ఆ కట్టులోనే ఉంది. పోరు మంచి వేడి మీద ఉండగా మరలుదెబ్బ మోగించాలి. గుండయ మనుషులు వీపులు తిప్పుతారు. అప్పుడు పడాలి. ఒక్క పూటలో తాడోపేడో తేలిపోతుంది.

చిక్కల్లా ఒకటే. ఇన్నాళ్ళ పోరులో అనుమానాలు ముదిరిపోయాయి. అవతలి భేరి మోగితే మొనలైతే దించుతున్నారు గానీ, కళ్ళు ఇటే పెట్టి అడుగు వెనక అడుగు వేస్తున్నారు. నిబ్బరంగా వీపు తిప్పాలంటే అది ఒజ్జ చెయ్యే అయి ఉండాలి. రెండు సేనల్లోని ప్రతి బంటూ అడుగు వెయ్యడం నేర్చుకున్నది ఆ చేతి దెబ్బకే. రెండో దెబ్బకూ మూడో దెబ్బకూ నడుమ ఆయన రవ్వంత ఆగుతాడు. ఆ ఆగడం ఇంకెవరికీ పట్టుబడలేదు. యుద్ధం మొదలైన రోజు నుంచి ఆయన ఏ పక్షం భేరీ ముట్టలేదు.

రేచన పాకలోకి వెళ్ళేసరికి ఒజ్జ తోలు పిండుతున్నాడు. కూర్చోమన్నా రేచన కూర్చోలేదు. ఈ గుంజ నుంచి ఆ గుంజకు నడుస్తూనే తన ఉపాయం చెప్పాడు.

"ఇది మోసమని నాకు తెలుసు ఒజ్జా. మీరు చెప్పక్కర్లేదు. కానీ చేలు బీడు పడ్డాయి. రోజూ అటు కొందరు, ఇటు కొందరు పోతూనే ఉన్నారు. ఇట్లా ఇంకెన్నాళ్ళు? ఆ ఒక్కరోజు పాపం నా మెడకు చుట్టుకుంటే చుట్టుకోనీండి. ఆ తర్వాత ఎవడూ చావడు."

అతను అబద్ధమాడటం లేదు. ఆ మాట కడుపులోంచే వచ్చింది. చెడ్డవాడైతే ఒజ్జకు పని సులువయ్యేది.

ఒజ్జ తల ఎత్తకుండానే అడిగాడు. "నీవాళ్ళకు నేర్పావా?"

"ఏం నేర్పాలి?"

"మరలుదెబ్బ వింటే తిరగకుండా ఉండటం."

"నేర్పేదేముంది, చెబుతాను. నేను చెబితే వింటారు. నా మనుషులు వాళ్ళు."

ఒజ్జ తడితోలును చట్రం మీద పరిచి, వేళ్ళతో దాని మీద తేలిగ్గా తట్టాడు. ఒకటి, రెండు, రవ్వంత ఆగి, మూడు.

రేచన కుడికాలు వెనక్కి పడింది.

అతను తన కాలి వంక చూసుకున్నాడు. ముఖం కందగడ్డలా అయింది.

"నేర్పాలి," అన్నాడు ఒజ్జ, చేతులు తుడుచుకుంటూ. "పద, నేనూ వస్తాను."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని రేచన కలలో కూడా అనుకోలేదు. ఎగిరి గంతెయ్యాల్సింది. కానీ దారి పొడుగునా ఆయన ముఖంలోకి తొంగి చూస్తూనే నడిచాడు. ఆ ముఖంలో కోపమూ లేదు, మెప్పూ లేదు. ఎండకు కళ్ళు చిట్లించుకుని నడుస్తున్నాడు, అంతే.

అవతలి గట్టుకు వినపడకుండా గుట్ట వెనక అభ్యాసం మొదలైంది. ఒజ్జ చిన్న డోలు పట్టాడు. మైదానం చివర అడ్డంగా మట్టికట్ట ఒకటి లేపారు. ఆయన మరలుదెబ్బ కొట్టాలి, బంట్లు కట్టదాకా ఉరకాలి.

మొదటిరోజు నవ్వులపాలయ్యారు. సగంమంది తిరిగారు, సగంమంది ఉరికారు. ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుని బొక్కబోర్లా పడ్డారు. రేచన గొంతు చించుకుని అరిచాడు. మాచన అనే ముసలి ఈటెగాడు మాత్రం ఎటూ కదల్లేక ఉన్నచోటే నిలబడిపోయాడు. 

"నావల్ల కావట్లేదు దొరా. అది మోగితే ఇంటికి పొమ్మన్నట్టుంటుంది నాకు."

"ఇంకోసారి," అన్నాడు రేచన.

ఇంకోసారి, ఇంకోసారి. అతనికి నిలకడ లేదు, ఇంకొకరిని నిలవనివ్వడు. తిరిగినవాడికి ఆ పూట కూడు లేదన్నాడు. ఉరికినవాడి భుజం తట్టాడు, పేరు పెట్టి పిలిచాడు. ఒజ్జ అడిగినన్నిసార్లు కొట్టాడు. ఒక్కసారి కూడా ఇక చాలనలేదు.

మెల్లగా కాళ్ళు దారికొచ్చాయి. మాచన కాళ్ళు కూడా వచ్చాయి. ఒజ్జ చెయ్యి డోలు మీద పడటమే తరువాయి, సేన కేకపెట్టి ఉరికేది. మట్టికట్టకు గుద్దుకుంటే గానీ ఆగేది కాదు.

"ఎలా ఉంది ఒజ్జా?" అని అడిగాడు రేచన. మెప్పు కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

"బాగా నేర్చుకున్నారు. రేపు వాగు వైపు తిప్పి నిలబెట్టు. పెద్ద భేరి తెప్పించు."

"గుండయ మనుషులు వింటారు కదా!"

"వినాలిగా. వాళ్ళు తిరుగుతారో లేదో చూసుకోవద్దూ? వాగు పొంగు మీద ఉంది. వాళ్ళు అనుమానపడినా ఇటు వచ్చి నీ మీద పడలేరు."

ఈ మాట నాకెందుకు తోచలేదా అనుకున్నాడు రేచన.

మర్నాడు పొద్దెక్కాక సేనను వాగుకు ఎడంగా, కోత కోసిన జొన్నచేలో నిలబెట్టారు. అవతలి గట్టున గుండయ మనుషులు అది చూసి ఈటెలు అందుకుని లేచారు. గాలి ఒకసారి ఇటూ ఒకసారి అటూ కొడుతోంది. గుర్రాలు గిట్టలతో నేల తవ్వుతున్నాయి. రేచన గుర్రం మీద కుదురుగా ఉండలేక దిగాడు.

ఒజ్జ కర్రలెత్తి భేరి మీద కొట్టాడు.

అవతలి గట్టు ఒక్క క్షణం బిగుసుకుంది. అది ఎవరి చెయ్యో తెలిసింది. ఎత్తి ఉన్న భుజాలన్నీ దిగాయి. ఈటెల మొనలు నేలకు వాలాయి. ఒక వరస తర్వాత ఒక వరస వీపులు తిప్పింది. మెడ తిప్పి ఇటు చూసినవాడు ఒక్కడు లేడు. ఎండలో ఆ వీపులు చేతికి అందేటంత దగ్గరగా కనపడ్డాయి.

"చూశావా బొల్లనా!" అని రేచన తొడ చరిచాడు.

ఇవతల అతని సేన ఉరికింది. ఉరకడమంటే అట్లా ఉరకాలి. ఒక్క కేక, ఒక్క అడుగు. చూస్తుండగానే చేను సగం దాటారు. రేచన చాలన్నట్టు చెయ్యెత్తాడు. ఎవరూ చూడలేదు. "ఆగండి!" అని అరిచాడు. వేల గొంతుల కేకలో అతని గొంతు ఎవరికి వినపడుతుంది? అప్పుడు తట్టింది అతనికి, ఇక్కడ మట్టికట్ట లేదు. చేను దాటితే వాగే.

"ఒజ్జా, పిలవండి! వెనక్కి పిలవండి!"

ఒజ్జ కర్రలు రెండూ పైకెత్తి పట్టుకుని అతని వంక చూశాడు.

"ఏ దెబ్బతో?"

  రేచన ఎగిరి గుర్రమెక్కి డొక్కలో తన్నాడు. సేన పక్కగా దూసుకుపోయి, గట్టు అంచున గుర్రాన్ని అడ్డం నిలిపి చేతులు చాచాడు. ముందువరస వచ్చి గుద్దుకుంది. గుర్రం పడింది, అతను పడ్డాడు. ఎవరిదో మోకాలు పక్కటెముకల్లో దిగింది. "దొర పడ్డాడు, దొర కాళ్ళకింద ఉన్నాడు!" అని ఎవరో గావుకేక పెట్టాక గానీ ఉరుకు ఆగలేదు.

అంచున ఉన్నవాళ్ళు కొందరు అప్పటికే నీళ్ళలో ఉన్నారు. ఈటెల కర్రలు అందించి లాగారు. ఒక్కణ్ణి మాత్రం ఉరవడి లాక్కుపోయింది. నెరిసిన జుట్టు నీళ్ళ మీద ఒకసారి కనపడి మునిగింది. మాచన.

వాగు వంపు తిరిగేచోట నీళ్ళు అతన్ని అవతలి గట్టు వైపు తోశాయి. గుండయ మనుషులు ఇద్దరు మొలలోతు నీళ్ళలోకి దిగి, జుట్టు పట్టుకుని పైకి ఈడ్చారు. బోర్లా పడుకోబెట్టి నీళ్ళు కక్కించారు. ఒకడు తన తలపాగా విప్పి అతని ఒళ్ళు తుడిచాడు. వాళ్ళ చేతుల్లో ఆయుధం లేదు. గట్టు మీద పడేసి వచ్చారు. మరలుదెబ్బ మోగింది కదా, అవసరం ఏముంది అనుకున్నారు.

రేచన బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఇదంతా చూశాడు. మాచన దగ్గడం చూశాడు. ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ లేనంత సిగ్గేసింది.

లేచి, పక్కటెముకలు పట్టుకుని, భేరి దగ్గరికి కుంటుకుంటూ వచ్చాడు. బొల్లన గుర్రం మీద ఎదురొచ్చాడు. మనిషి ఊగిపోతున్నాడు.

"దొరా, ఈటెలు దించారు, వీపులు తిప్పారు! ఎగువన రాళ్ళరేవులో నీళ్ళు గుర్రాల మోకాళ్ళదాకే ఉన్నాయి. రేవు కాపలాకు పెట్టిన మన రౌతులు అక్కడే ఉన్నారు. ఉరుకుదెబ్బ కొట్టించండి. ఈ పూటతో అయిపోతుంది. మీరు కోరింది ఇదే కదా!"

అవును, ఇదే. ఉపాయం పారింది. అనుకున్నదానికంటే బాగా పారింది.

ఒజ్జ కర్రలు రెండూ తెచ్చి రేచన చేతుల్లో పెట్టాడు.

"నువ్వే కొట్టు నాయనా. నాయకుడివి."

రేచన కర్రలెత్తాడు. చేలో అతని సేన రొప్పుతూ నిలబడి ఉంది. ఒళ్ళు వాగు వైపు, చెవులు భేరి వైపు. ఉరుకుదెబ్బ కొడితే వెళ్తారు. మరలుదెబ్బ కొట్టినా వెళ్తారు. అవతలి గట్టు దాటి, పారిపోయేవాళ్ళ వెంటపడి, ఊళ్ళలోకి, ఇళ్ళలోకి వెళ్తారు. అప్పుడు ఏది కొట్టాలి?

ఎత్తిన కర్రలు ఎత్తినట్టే ఉన్నాయి. చేతులు లాగుతున్నాయి. చెమట కళ్ళలోకి కారుతోంది. ఒజ్జ ఏదో ఒకటి అంటాడేమోనని చూశాడు. ఆయన వాగు వంక చూస్తున్నాడు.

"ఇంకా ఆలస్యం చేస్తే మళ్ళీ ఈటెలు ఎత్తుతారు దొరా!" అన్నాడు బొల్లన.

రేచన వంగి, భేరికి తగలకుండా, కర్రలను మెల్లగా నేల మీద పెట్టాడు. చేలోకి నడిచాడు. అందిన మొదటి బంటు దగ్గర ఆగి, అతని రెండు భుజాలూ పట్టుకుని, డేరాల వైపు తిప్పాడు. వాడు బిత్తరపోయి చూశాడు.  రేచన పక్కవాడి దగ్గరికి వెళ్ళి అతని భుజాలు పట్టుకున్నాడు. తర్వాత ఆ పక్కవాడివి.

"ఏం చేస్తున్నారు దొరా? ఇంతమందినీ ఇట్లాగే తిప్పుతారా? పొద్దుగూకుతుంది!" అని అరిచాడు బొల్లన.

"గూకనీ," అన్నాడు ఒజ్జ.